గాబరాగా ఉంటే ఏం చేయాలి: మాత్ర అడిగే ముందు చూసుకోవాల్సినవి

ఊరికే గుండె దడదడలాడుతుంది. అరచేతులకు చెమట పడుతుంది. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే కూర్చోవాలనిపిస్తుంది. ఏదో జరగబోతోందన్న భయం, ఏమిటో మాత్రం తెలియదు. ఇలా ఉందని చెబితే మన ఇళ్ళలో దొరికే జవాబులు రెండే. "ఏం లేదులే, టెన్షన్ పడొద్దు" అనేది ఒకటి. "గుండెకేమన్నా అయిందేమో, పదండి నెల్లూరికి" అనేది రెండోది. మొదటి జవాబు నమ్ముకుంటే థైరాయిడ్ జబ్బో, రక్తం తక్కువ కావడమో నెలల తరబడి బయటపడదు. రెండోది నమ్ముకుంటే నెల్లూరు పొగతోటలో ఆసుపత్రి తర్వాత ఆసుపత్రి తిరిగి, స్కానింగులకు డబ్బు పోసి, అన్నీ నార్మల్ అని రిపోర్టులు చేతికొచ్చాక కూడా గాబరా ఎక్కడికీ పోదు.

గాబరా ఒక లక్షణం. జ్వరం వస్తే ఎందుకొచ్చిందని ఎలా వెతుకుతామో దీనికీ అలాగే వెతకాలి. నేను మందుల షాపులో పనిచేస్తాను. "గాబరాగా ఉందన్నా, ఏదన్నా చిన్న మాత్ర ఇయ్యి" అని అడిగేవాళ్ళు రోజూ వస్తారు. వాళ్ళకు కౌంటర్ దగ్గర నిలబడి పూర్తిగా చెప్పలేకపోయేవన్నీ ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ముందు ప్రమాదం ఉందో లేదో తేల్చుకోండి

గాబరాతో పాటు ఛాతీ మీద బరువు పెట్టినట్టు నొప్పి, అది ఎడమ చేతికో దవడకో వీపుకో పాకడం, చల్లటి చెమటలు, మాట్లాడలేనంత ఆయాసం, కళ్ళు తిరిగి పడిపోవడం, మూతి వంకర పోవడం, ఒక చెయ్యి లేవకపోవడం, మాట తడబడటం, ఉన్నట్టుండి మనిషి తికమకగా మాట్లాడటం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మిగతాది చదవకండి, 108కి ఫోన్ చేయండి. కదలకుండా కూర్చున్నా నాడి నిమిషానికి 120 దాటి తగ్గకుండా ఉంటే కూడా ఆగొద్దు.

షుగర్ ఉన్నవాళ్ళకు గుండెపోటు నొప్పి లేకుండానే రావచ్చు. చెమట, ఆయాసం, గాబరా మాత్రమే కనిపించవచ్చు. అందుకే నలభై దాటినవాళ్ళకు, బీపీ షుగర్ ఉన్నవాళ్ళకు, పొగతాగేవాళ్ళకు ఇలా మొదటిసారి వస్తే అది గ్యాసో టెన్షనో అని ఇంట్లోనే తీర్పు చెప్పకండి. ఈసీజీ తీయించండి. సోడా తాగి పడుకుంటే పోతుందనుకునే అలవాటు మన వైపు చాలా ఎక్కువ. అదే నాకు భయం.

దడ పట్టిన ఆ పది నిమిషాల్లో

ప్రమాద లక్షణాలు లేవని తేలితే కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోండి. పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనించండి. బిగుతుగా ఉన్న చొక్కా గుండీనో బెల్టునో వదులు చేయండి. ఇప్పుడు ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు నిదానంగా వదలండి. వదలడం పీల్చడం కంటే ఎక్కువసేపు ఉండాలి, కిటుకు అక్కడే ఉంది. గట్టిగా పీల్చమని పక్కవాళ్ళు చెబుతుంటారు, అది తప్పు. గాబరాలో ఇప్పటికే ఎక్కువ గాలి పీల్చి వదులుతుంటాం. దానివల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, పెదాల చుట్టూ, వేళ్ళ చివర్ల తిమ్మిర్లు వస్తాయి, తల తేలిపోతుంది. ఆ తిమ్మిర్లు చూసి పక్షవాతం అనుకుని ఇంకా భయపడతారు. మూతికి ప్లాస్టిక్ కవరు, కాగితం సంచి పెట్టి ఊపిరి తీయించడం లాంటివి చేయకండి.

ఇలా ఉన్నట్టుండి ముంచుకొచ్చే గాబరాను పానిక్ అటాక్ అంటారు. అది సాధారణంగా పది నిమిషాల్లోపు శిఖరానికి చేరి, ఆ తర్వాత దిగిపోతుంది. అరగంటలో చాలావరకు సర్దుకుంటుంది. ఆ సమయంలో "దీన్ని ఎలాగైనా ఆపాలి" అని పెనుగులాడితే పెరుగుతుంది. "వచ్చింది, ఉంటుంది, పోతుంది" అని ఊపిరి లెక్కపెట్టుకుంటూ ఉండిపోతే తొందరగా దిగుతుంది.

షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్ళయితే ఊపిరి కంటే ముందు గ్లూకోమీటర్ తీయండి. 70 కంటే తక్కువ చూపిస్తే మూడు టీస్పూన్ల పంచదార నీళ్ళలో కలిపి తాగండి, పదిహేను నిమిషాలకు మళ్ళీ చూడండి. ఇంకా తక్కువుంటే మళ్ళీ అంతే. పెరిగాక ఏదైనా తినండి. మీటర్ లేకపోతే పంచదార నీళ్ళు తాగేయండి, ఆ కాస్తతో నష్టం లేదు. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

నాడి, ఒక తెల్ల కాగితం

దడ తగ్గాక చూడాల్సినవి రెండున్నాయి. రెండూ ఇంట్లోనే అవుతాయి.

మణికట్టు మీద బొటనవేలి మొదలుకి కింద, ఎముక పక్కన, చూపుడువేలు, మధ్యవేలు మెత్తగా ఆనించండి. బొటనవేలితో చూడకండి, దానికే నాడి ఉంటుంది, లెక్క తప్పుతుంది. అరనిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయండి. కూర్చున్నప్పుడు పెద్దవాళ్ళకు 60 నుంచి 100 మధ్య ఉండాలి. ఎంత వేగమో చూడటంతో పాటు సమంగా కొడుతోందా, ఎక్కుతూ తప్పుతూ కొడుతోందా గమనించండి. సమంగా లేకపోతే ఈసీజీ తప్పనిసరి.

తర్వాత ఇంట్లో ఎవరినైనా, మీరు బాగా నిద్రలో ఉన్నప్పుడు లేపకుండా ఇలాగే లెక్కపెట్టమనండి. ఇది చాలామందికి తెలియని విషయం. మనసులోని ఆందోళన వల్ల వచ్చే దడ నిద్రలో తగ్గిపోతుంది. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తే నిద్రలో కూడా నాడి వేగంగానే ఉంటుంది.

ఇక కాగితం. రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతులు కిందికి, వేళ్ళు కాస్త విడదీసి పెట్టండి. వేళ్ళ మీద ఒక పల్చటి తెల్ల కాగితం పరచండి. మామూలు కంటికి కనపడని సన్న వణుకు కూడా ఆ కాగితం అంచు దగ్గర సన్నగా అదురుతూ కనిపిస్తుంది. థైరాయిడ్ అనుమానం ఉన్నప్పుడు డాక్టర్లు చేసే పరీక్షే ఇది. టీ ఎక్కువ తాగినా, ఆస్తమా మందులు వాడినా ఇలాగే అదరవచ్చు కాబట్టి దీన్నొక్కదాన్నీ పట్టుకుని జబ్బు పేరు పెట్టేయకండి. డాక్టర్‌కు చెప్పడానికి ఒక గుర్తు, అంతే.

వారం రోజులు రాసి పెట్టండి

పాత నోటుబుక్కో, ఫోనో, ఏదైనా సరే. గాబరా ఎన్నింటికి వచ్చింది, ఎంతసేపుంది, నాడి ఎంత, దానికి ముందు ఏం తిన్నారు, ఎన్ని టీలు తాగారు, ఏ మాత్ర వేసుకున్నారు, రాత్రి ఎంత నిద్ర పట్టింది, ఎక్కడున్నారు. ఆడవాళ్ళయితే నెలసరి తేదీ కూడా. డాక్టర్ గదిలో మనకు దొరికేది కొద్ది నిమిషాలే. "అప్పుడప్పుడూ వస్తుంది సార్" అంటే ఆయన చేతిలో ఏమీ ఉండదు. "రోజూ పదకొండున్నర ప్రాంతంలో, భోజనానికి ముందు, చెమటతో" అంటే సగం జవాబు అక్కడే ఉంది.

కారణం ఎక్కడుందో వెతకండి

మొదట టీ, కాఫీ. అల్లూరు, ముత్తుకూరు వైపు రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా ఉండేవాళ్ళను చూడండి. కరెంటు పోయిందంటే నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు ఆగుతాయి, నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి పంట మొత్తం పోవచ్చు. ఆ భయంతో నిద్ర ఉండదు, నిద్ర రాకుండా ఫ్లాస్కులో టీ, మధ్యలో ఖైనీ. అలాంటి మనిషికి పగలు గుండె దడ అంటే ఆశ్చర్యం ఏముంది? కెఫీన్ సగం దిగడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగింది రాత్రి పదకొండుకు సగం ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం రెండు తర్వాత టీ, కాఫీ మానేసి చూడండి. రోజుకు ఆరేడు తాగేవాళ్ళు ఒక్కసారిగా ఆపితే తలనొప్పి పట్టుకుంటుంది, రెండు మూడు రోజులకొక కప్పు చొప్పున తగ్గించండి. ఎనర్జీ డ్రింకులు, గుట్కా, సిగరెట్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

తర్వాత మీరు వేసుకునే మందులు. ఇది నా రంగం కాబట్టి కాస్త గట్టిగా చెబుతాను. ఆస్తమా ఇన్హేలర్లోని సాల్బుటమాల్, ఆయాసానికి వాడే థియోఫిలిన్ రకం మాత్రలు గుండె వేగం పెంచుతాయి, చేతులు వణికిస్తాయి. జలుబు మాత్రల్లో ఉండే ఫినైల్ఎఫ్రిన్ కొంతమందికి గాబరా, నిద్రలేమి తెస్తుంది. స్టెరాయిడ్ మాత్రలు నిద్ర చెడగొడతాయి. వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్ కొంతమందిని ఒకచోట కూర్చోనివ్వదు, కాళ్ళు ఆడిస్తూ నడుస్తూనే ఉంటారు. థైరాయిడ్ తక్కువని థైరాక్సిన్ వాడేవాళ్ళకు మోతాదు ఎక్కువైతే దడ, చెమట, బరువు తగ్గడం మొదలవుతాయి. ఏ మందునూ మీ అంతట మీరు ఆపకండి. ఆస్తమా మనిషి ఇన్హేలర్ ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. డాక్టర్ దగ్గరికి మాత్రల అట్టలన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్ళండి, ఆయుర్వేదం పొడులు, జిమ్ముకెళ్ళేవాళ్ళు వాడే పొడి డబ్బాలతో సహా.

షుగర్ పడిపోవడం గురించి పైన చెప్పాను. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వేసుకుని భోజనం ఆలస్యం చేసినా, శనివారం ఒక్కపొద్దు ఉన్నా, రంజాన్ ఉపవాసం ఉన్నా ఇది వస్తుంది. ఉపవాసానికి ముందే మోతాదు గురించి డాక్టర్‌ను అడగాలి.

మద్యం సంగతి ఎవరూ నోరు విప్పి చెప్పరు. రోజూ ఎక్కువగా తాగే మనిషి అకస్మాత్తుగా ఆపితే ఆరు గంటల నుంచి ఒక రోజు లోపల చేతులు వణకడం, చెమట, గాబరా, నిద్ర లేకపోవడం మొదలవుతాయి. ఒకటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనపడటం, తికమక రావచ్చు, అది ప్రాణాపాయం. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుని ఒక్క పూటలో మందు మానేసేవాళ్ళు మన ఊళ్ళలో ఎంతమంది! మానడం మంచి పనే, నిలబెట్టుకోవాల్సిన పనే. మాల వేసుకోవడానికి ఒక వారం ముందు డాక్టర్‌ను కలిస్తే ఆ వణుకు, మూర్ఛ రాకుండా మందులిస్తారు. స్వామికి ఇచ్చిన మాటకు అది అడ్డు కాదు.

ప్రకాశం జిల్లా పొగాకు రైతులకు, కూలీలకు ఇంకొక కారణం ఉంది. మంచుకో వానకో తడిసిన పచ్చాకు కోస్తుంటే, మోస్తుంటే, ఆకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. వికారం, వాంతులు, తలతిరుగుడు, తలనొప్పి, ఒక్కోసారి గుండె వేగంలో తేడా. ఎండదెబ్బ అని వదిలేస్తారు. ఆకు ఆరాక కోయడం, చేతి గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా, తడిసిన బట్టలు వెంటనే మార్చడం, సబ్బుతో కడుక్కోవడం దీనికి విరుగుడు. పొగ తాగని ఆడకూలీలకు, పిల్లలకు ఇది ఇంకా తొందరగా తగులుతుంది.

మిరపకో పత్తికో పురుగుమందు కొట్టి వచ్చాక గాబరాగా ఉందంటే మాత్రం అది వేరే లెక్క. నోట్లో నీళ్ళూరడం, విపరీతంగా చెమట, కనుపాపలు సన్నబడటం, కండరాలు అదరడం కనిపిస్తే పురుగుమందు ఒంట్లోకి పోయిందన్నమాట. బట్టలు విప్పించి సబ్బునీళ్ళతో ఒళ్ళంతా కడిగి, మందు డబ్బా చేత్తో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. డబ్బా మీదున్న పేరును బట్టే వైద్యం ఉంటుంది.

ఇంకా కొన్ని ఉన్నాయి. బాగా తింటున్నా బరువు తగ్గడం, వేడి తట్టుకోలేకపోవడం, మాటిమాటికీ విరేచనం, మెడ ముందు వాపు: థైరాయిడ్ ఎక్కువ. కాన్పు అయిన ఏడాదిలోపు కూడా థైరాయిడ్ వాచి ఇలా రావచ్చు, దాన్ని బాలింత బలహీనత అని తోసేయకండి. మెట్లెక్కితే దడ, ఆయాసం, పాలిపోయిన కళ్ళు: రక్తహీనత. నెలసరి ఆగిపోయే వయసులో రాత్రి చెమటలతో దడ. ఏప్రిల్, మే ఎండల్లో నీళ్ళు తాగక వచ్చే నీరసం, దడ.

ఏ పరీక్షలు చేయించాలి

ల్యాబు ప్యాకేజీల జోలికి పోకండి. బీపీ, ఈసీజీ, హిమోగ్లోబిన్‌తో కూడిన రక్తపరీక్ష, షుగర్, థైరాయిడ్ కోసం చేసే టీఎస్‌హెచ్ పరీక్ష. చాలామందికి మొదట ఇవి చాలు. నెల్లూరు దర్గామిట్టలోని ప్రభుత్వ ఆసుపత్రిలోనూ, ఒంగోలు రిమ్స్‌లోనూ ఇవి చేస్తారు. హిమోగ్లోబిన్ ఆడవాళ్ళకు 12, మగవాళ్ళకు 13, గర్భిణులకు 11 కంటే తగ్గితే రక్తహీనత కింద లెక్క. ఐరన్ మాత్రలు భోజనంతోనో నిమ్మరసంతోనో వేసుకోవచ్చు, టీతో మాత్రం వేసుకోకూడదు.

జుట్టు ఊడుతోందని బయోటిన్ మాత్రలు వాడుతుంటే ఆ సంగతి ల్యాబులో ముందే చెప్పండి. కొన్ని ల్యాబు పద్ధతుల్లో అది థైరాయిడ్ రిపోర్టును తారుమారు చేస్తుంది, లేని జబ్బు ఉన్నట్టు చూపిస్తుంది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపితే మంచిది.

అన్నీ నార్మల్ వస్తే

అప్పుడు "నాకేం లేదన్నమాట, ఊరికే ఊహించుకుంటున్నాను" అనుకోకండి. ఆందోళన కూడా జబ్బే. దడ నిజమే, చెమట నిజమే, నిద్ర పట్టకపోవడం నిజమే. ఆరు నెలలకు పైగా, ఎక్కువ రోజులు, అన్నిటి గురించీ అదుపులేని దిగులు ఉంటే మానసిక వైద్యుడిని కలవాలి. పై రెండు ఆసుపత్రుల్లోనూ ఆ ఓపీ ఉంటుంది. అక్కడికి వెళ్తే పిచ్చి అంటారని ఆగేవాళ్ళు నాకు రోజూ కనపడతారు. వాళ్ళు ఆగిన ప్రతి ఏడూ బతుకు కాస్త కాస్త ఇరుకైపోతుంది: మొదట బస్సు మానేస్తారు, తర్వాత పెళ్ళిళ్ళు, తర్వాత సంత.

ఆందోళనకు డాక్టర్ రాసే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ అనే రకం మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి వారం పది రోజులు గాబరా కొంచెం పెరిగినట్టు కూడా అనిపించవచ్చు. చాలామంది ఆ పది రోజుల్లోనే ఆపేస్తారు. ఆపకండి, డాక్టర్‌కు ఫోన్ చేయండి. అల్ప్రాజొలామ్ లాంటి మాత్ర గంటలో హాయినిస్తుంది, అందుకే అందరికీ అదే కావాలి. వారాల తరబడి వాడితే అలవాటవుతుంది, ఉన్నట్టుండి ఆపితే మొదటికంటే ఎక్కువ గాబరా, ఒక్కోసారి మూర్ఛ కూడా వస్తుంది. ఇప్పటికే చాలాకాలంగా వాడుతుంటే డాక్టర్ చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి. వణుకు తగ్గడానికి ఇచ్చే ప్రొప్రనలాల్ ఆస్తమా ఉన్నవాళ్ళకు ప్రమాదం. షుగర్ ఉన్నవాళ్ళలో షుగర్ పడిపోయినప్పుడు వచ్చే దడను అది కప్పేస్తుంది. కాబట్టి పక్కింటివాళ్ళ మాత్ర అడిగి వేసుకోకండి.

మాత్రలతో పాటు చేయాల్సింది ఒకటుంది, తప్పించుకున్న చోటికి మెట్టు మెట్టుగా తిరిగి వెళ్ళడం. ఒంగోలు బస్సులో ఒకసారి దడ పట్టి, అప్పటి నుంచి బస్సెక్కని నెల్లూరు మనిషి అనుకోండి. మొదట బస్టాండులో ఆగి ఉన్న బస్సులో కాసేపు కూర్చుని దిగాలి. రెండు మూడు రోజులు అలా చేశాక పెన్నా వంతెన దాటి కోవూరు దాకా. అక్కడ దడ వస్తే దిగిపోకుండా, అది తగ్గేదాకా కూర్చోవాలి. దిగిపోతే "బస్సు దిగాను కాబట్టి బతికాను" అని మెదడు నేర్చుకుంటుంది. కూర్చుంటే "ఏమీ కాలేదు" అని నేర్చుకుంటుంది. కోవూరు మామూలైపోయాక కావలి, ఆ తర్వాత సింగరాయకొండ, చివరికి ఒంగోలు. మొదటిసారి తోడుగా ఒకరిని తీసుకెళ్ళండి, తర్వాత ఒంటరిగా. రోజూ అరగంట నడక, ఒకే వేళకు నిద్ర దీనికి బలం.

ఇంట్లోవాళ్ళకు

"టెన్షన్ పడొద్దు" అనే మాట పనిచేయదు. పక్కన కూర్చుని, మీరే నిదానంగా ఊపిరి తీస్తూ, తనను మీతో కలిపి తీయమనండి. నెల్లూరు హాస్టళ్ళలో ఇంటర్ చదివే పిల్లలు ఆదివారం ఫోన్లో "కడుపునొప్పి, అన్నం సయించట్లేదు" అంటే మార్కుల సంగతి పక్కన పెట్టి నిద్ర ఎలా ఉందో అడగండి. ఆ వయసులో గాబరా చాలాసార్లు కడుపు దగ్గరే బయటపడుతుంది. పరీక్షల ముందు రాత్రుళ్ళు మేలుకోవడం, దానికోసం తాగే కాఫీ దీన్ని రెట్టింపు చేస్తాయి.

ఎవరైనా "ఇక బతకడం ఎందుకు" అన్నారంటే ఆ మాటను దాటవేయకండి. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి, అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. వాళ్ళను ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే తాళం వేసి ఆ తాళంచెవి మీ దగ్గర ఉంచుకోండి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబర్ 14416. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రాణాపాయం అనిపిస్తే 108. ఈ రెండు నంబర్లూ ఇంట్లో అందరి ఫోన్లలో ఈ రోజే సేవ్ చేసి పెట్టండి.